మెష్ గుచ్చుకుంటోందని పేషెంట్ తిరిగొస్తే: సర్జన్లకు చిట్కాలు

దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోందని వచ్చిన ఆవిడకు అరగంటలో పాలీప్రొపిలీన్ మెష్ పట్టీ వేసి ఇంటికి పంపేశారు. భేష్. ఇప్పుడు నొప్పంటూ మళ్లీ వచ్చింది. కంగారు పడకండి. బ్రిటన్‌లో మీ ముందువాళ్లు దారి చదును చేసే ఉంచారు.

1. ముందు వయసు అడగండి. ఎంత చెప్పినా "ఈ వయసులో మామూలే" అనండి. యాభై అయితే మెనోపాజ్, ముప్పై అయితే కాన్పులు.

2. పరీక్ష చెయ్యకండి. యోని గోడ ఒరుసుకుని బయటపడ్డ మెష్ అంచు వేలికి గరుగ్గా తగిలిందంటే ఇక తెలీదనడం కుదరదు. సిస్టోస్కోపీ జోలికి అసలు పోవద్దు. మూత్రాశయంలోకి పొడుచుకొచ్చిన పోగు, దాని మీద కట్టిన రాయి కనబడ్డాయా, మీ మధ్యాహ్నం గోవిందా! మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తోందంటే యాంటీబయాటిక్ రాసెయ్యండి. కోర్సు అయ్యేసరికి మీరు సెలవులో ఉంటారు.

3. కలిసినప్పుడు భర్తకు గుచ్చుకుంటోందంటే, భర్తను వేరే డాక్టరుకు చూపించుకోమనండి.

4. ఆపరేషన్ తప్పకపోతే పైకి కనబడే ముక్క కత్తిరించి, "మెష్ తీసేశాం" అని రాయండి. ఎంత తీశారో, లోపల ఎంత మిగిలిందో రాయకండి. దడికి చిక్కుడు తీగలా కండ అల్లుకుపోయిన పట్టీని మూత్రమార్గం చిరగకుండా విడదియ్యాలి. చిరిగితే కుట్టి, యోని పెదవిలోని కొవ్వును లోపలికి తిప్పి కప్పాలి. దాన్నే మార్టియస్ ఫ్లాప్ అంటారు. తొడ మొదట్లోంచి దూర్చిన రకమైతే గజ్జల్లోనూ కొయ్యాలి. ఇంత చాకిరీ ఎవడు చేస్తాడు?

5. మెష్ తీస్తే మూత్రం మళ్లీ కారొచ్చని ముందే చెప్పకండి. కారాక "చూశారా, అది ఎంత బాగా పనిచేసేదో!" అనొచ్చు. పొట్ట కండరం మీది పొరతో సొంత స్లింగ్ వెయ్యొచ్చన్న సంగతి ఆవిడ అడిగితే చూద్దాం.

6. ఇంగ్లండ్‌లో 2018 జులైలో ఈ మెష్ వేసే ఆపరేషన్లు ఆపారు. ఆడవాళ్ల మాట ఎవరూ వినలేదని, లెక్కలు రాసే డేటాబేస్ కావాలని, మెష్ తీయడానికి ప్రత్యేక సెంటర్లుండాలని 2020లో కంబర్లెజ్ విచారణ రిపోర్టు చెప్పింది. డేటాబేస్ ఫారం వస్తే సొరుగులో పడెయ్యండి. సెంటరుకు ఉత్తరం రాయక తప్పకపోతే మొదటి వాక్యంగా "ఈమెకు ఆందోళన ఎక్కువ" అని పెట్టండి. మిగతాది ఎవరూ శ్రద్ధగా చదవరు.

7. ఇంకా వదలకపోతే, బయట ఎక్కడైనా సొంత డబ్బుతో తీయించుకోమనండి. అప్పటికే అలా ఖర్చు పెట్టుకున్నవాళ్లకు తిరిగివ్వడానికి స్కాట్లండ్ 2022లో చట్టమే చేసింది. ఇచ్చింది సర్కారు, మీ జేబు కాదు.