ముట్టకుండా ముట్టజెప్పే విద్య

ఎల్లంతకుంట బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగి, పది రూపాయలు ఇద్దామని చెయ్యి చాపాను. చేతిలో పైసలు లేవు, మణికట్టుకు గడియారం ఉంది. దాన్ని గల్లాపెట్టె మీద అటు తిప్పి ఇటు తిప్పి, పైసలొస్తే అరిచే డబ్బాకు ఆనించి, చివరికి స్కానర్ కాగితానికి రుద్ది చూశాను. హోటలాయన కాసేపు ఓపిక పట్టి, "ఏమైంది సారూ, చెయ్యి తిమ్మిరెక్కిందా?" అన్నాడు.

ఈ తిమ్మిరి దుబాయ్ నుంచి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఒకప్పుడు టేప్‌రికార్డరు, అత్తరు సీసా, మనిషి మోయలేని పులిబొమ్మ దుప్పటి తెచ్చేవాళ్లు. మా మేనల్లుడు ఆపిల్ గడియారం తెచ్చాడు. "అక్కడ నోట్లు తీసుడే లేదు మామా, చెయ్యి అట్ల చూపుడే, బీప్ మంటది, అంతే" అన్నాడు. ఆ బీప్ మనిపించే ఆపిల్ పే దుబాయ్‌కి 2017లోనే వెళ్లింది. అంత బీప్ మన ఊళ్లో ఎందుకు మోగొద్దని నేను నడుం కట్టాను.

మూడు సాయంత్రాలు పట్టింది. ఫోనుకూ గడియారానికీ పెళ్లిచూపులు చేశాను. ఒకదాన్నొకటి చూసుకోవడానికి గంట, నచ్చడానికి ఇంకో గంట. కార్డు నంబరు కొడితే 'మీ బ్యాంకు ఈ సేవలో లేదు' అంది. బ్యాంకు సంగతి తర్వాత, అసలు మన దేశమే అందులో లేదని మేనల్లుడు అప్పుడు చెప్పాడు. 2014లో అమెరికాలో మొదలైన ముచ్చట ఎల్లంతకుంటకు రావాలంటే ముందు ఇండియాకు రావాలట.

పట్టు వదిలితే నేను నేనెట్లా అవుతాను? దేశవాళీ గడియారం కొన్నాను. మన దగ్గరా ఈ సరుకు కొత్తది కాదు. టైటాన్, స్టేట్ బ్యాంకు కలిసి 2020లోనే పట్టీలో చిప్పు పెట్టిన గడియారాలు 2,995 రూపాయల నుంచి అమ్మకానికి పెట్టాయి. నేను కొన్నది వేరే కంపెనీది, పేరు చెప్పి దాని పరువూ నా పరువూ తీయను. దానికి కార్డు ఎక్కించబోతే, కార్డులో ఈ ముట్టకుండా చెల్లించే ఏర్పాటు మూసి ఉందని తెలిసింది. ఎవరికి వారు తెరుచుకుంటే తప్ప అది తెరుచుకోకూడదని రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నియమం. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను, ఈ మొత్తం కథలో బుద్ధున్నది అదొక్కటే. తెరవడానికి బ్యాంకు యాప్ కావాలి, యాప్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చింది, ఎక్కడికి? గడియారం మీదికే. తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు, అడిగినదాని మొహం మీదే జవాబు మెరిసింది. నేను అద్దాలు పెట్టుకునేలోపు ఆరిపోయింది.

నాలుగోసారికి 'మీ టోకెన్ సిద్ధం' అని వచ్చింది. అంటే గడియారంలో అసలు కార్డు నంబరు ఉండదు, దాని బదులు ఒక దొంగపేరు ఉంటుంది, దొంగలు ఎత్తుకెళ్లినా ఆ పేరే దొరుకుతుంది. ఇదంతా మా ఆవిడకు సంబరంగా విప్పి చెప్పాను. ఆమెకు టోకెన్ అంటే 2025లో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి తెచ్చుకున్న కాగితమే. "టోకెనే ఇచ్చిండ్రా? అయితే రేపు రమ్మంటరు" అని అన్నం వడ్డించడానికి లేచింది.

ఆమె మాటే నిజమైంది. గీకడానికి మిషన్ ఏది? కిరాణం సేటు దగ్గర కాగితం, కూరగాయలామె దగ్గర కాగితం, మంగలి అద్దానికి కాగితం. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద దుకాణదారుకు చార్జీ లేదు, అందుకే రెండు రూపాయల కాగితం దేశాన్ని ఏలుతోంది. ఆ కాగితం గడియారాన్ని గుర్తుపట్టదు. కార్డు మిషన్‌కైతే కిరాయి ఉంటుంది. పక్కనే సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌ను 2016 చివర్లో, పెద్దనోట్లు రద్దయిన వేడిలో, నగదు లేని ఊరని ప్రకటించారు. ఊరంతా కార్డులు, దుకాణాల్లో మిషన్లు, ఫొటోలు. తర్వాత కిరాయి కట్టలేక దుకాణాల వాళ్లు మిషన్లు వాపసు ఇచ్చేశారని పేపర్లలోనే వచ్చింది. అప్పుడు ఫొటోలు తీసినవాళ్లు మళ్లీ రాలేదు.

ఎట్టకేలకు పెట్రోల్ బంకులో మిషన్ దొరికింది. చెయ్యి ఆనించాను, బీప్! ఐదు వేల లోపు పిన్ను కూడా అడగదు. నా ఒళ్లు పులకరించింది, వెంటనే జంకింది. గడియారం చేతికున్నంతసేపూ దాని తాళం తీసే ఉంటుంది. పడుకున్నవాడి చెయ్యి ఎత్తి, బటన్ నొక్కి, మిషన్‌కు తగిలించినా బీప్ అంటుంది. వెనకట షావుకారు నోటు రాయించుకొని బొటనవేలు ఒక్కటే అద్దించుకునేవాడు. ఇప్పుడు మణికట్టు దాకా వచ్చారు.

అమ్మేవాళ్లు దీన్ని 'కాంటాక్ట్‌లెస్' అంటున్నారు, అంటే ముట్టుడు లేని చెల్లింపట. దాన్ని మా ఊళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పైసలు అరుగు మీద పెట్టి దూరం జరగమన్నారు, చిల్లర పైనుంచి దోసిట్లో జారవిడిచారు, చాయ్ హోటల్లో వేరే గ్లాసు దండేనికి కట్టారు. చిప్పు లేకుండా, చార్జింగ్ లేకుండా, తరాల పాటు ఒక్కసారి కూడా ఫెయిల్ కాకుండా నడిపారు. ఇంత పక్కా కాంటాక్ట్‌లెస్ వ్యవస్థను ఏ కంపెనీ తయారుచేయగలదు?

ఇక ముట్టడం అనే మాటకు మా దిక్కు ఇంకో అర్థం ఉంది. పైసలు ముట్టినయా అంటే, అందాయా అని. నా చేతి నుంచి పోయేవి అర సెకనులో ముడుతున్నాయి. నా చేతికి రావాల్సినవో? వడ్లు సర్కారు కొనే ఐకేపీ సెంటర్‌లో పోశాం. తేమ 17 శాతం దాటొద్దు. ఎండబెట్టాం, వాన పడింది, మళ్లీ ఎండబెట్టాం. సంచులు లేవు, సంచులొస్తే లారీ లేదు, లారీ వస్తే మిల్లులో తాలని తరుగు తీశారు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ఎవరెదురైనా "వడ్ల పైసలు ముట్టినయా?" అనే పలకరింపు, రామరామ బదులు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలి పదిహేను రోజుల్లో ఇవ్వాలంది. ఆలస్యమైతే పరిహారం రోజుకు 0.05 శాతం. 300 రూపాయల కూలికి లెక్క కడితే రోజుకు 15 పైసలు. అది ఏ మిషన్ మీద గీకాలో గడియారం కంపెనీ చెబితే బాగుండు. సిరిసిల్లలో 2017 నుంచి సర్కారు పంచే బతుకమ్మ చీరలు నేసిన సాంచాలు 2024లో ఆగితే, పాత బకాయిలు ఇప్పించమని నేసినవాళ్లే రోడ్డెక్కారు. చీరలు కోటి మంది దాకా ఆడవాళ్లకు ముట్టినా, నేసినందుకు రావాల్సింది ముట్టలేదు. ఇటు నుంచి అటు పోవడానికి చిప్పులు, టోకెన్లు. అటు నుంచి ఇటు రావడానికి 'మీదికి రాసినం, బడ్జెట్ రావాలె'.

ముట్టజెప్పడం అనే మాట మిగిలింది, అదెక్కడ వాడతారో చెప్పనక్కర్లేదు. ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపుతారు, పుచ్చుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ముట్టుడే లేకుండా ముట్టజెప్పగలిగితే పుచ్చుకునే సారుకు ఎంత నిశ్చింత! కానీ గడియారం మీద ఆయనకు నమ్మకం లేదు, లెక్క బ్యాంకులో మిగులుతుందని భయం. నోటు మీద చెదరని విశ్వాసం ఈ రాజ్యంలో ఇంకా ఎవరికైనా ఉందంటే, అది టేబుల్ కింది చేతికే.

హోటల్ సంగతి మరిచాను. ఫోను ఇంట్లో పెట్టి హాయిగా తిరగండని ప్రకటనలో చెప్పారు కాబట్టి ఫోను ఇంట్లోనే ఉంది. గడియారం ఒకసారి వణికి, చార్జింగ్ అయిపోయి నల్లబడింది. నా వెనకాల ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి, పది నోటు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అర సెకను కాకపోయినా, మూడు సెకన్లు కూడా పట్టలేదు.

"ఉద్దెర రాసుకుంట తియ్యి సారూ" అని హోటలాయన చిరిగిన పుస్తకం తీశాడు. నా పేరు ఆయనకు తెలియదు. కాసేపు నన్ను ఎగాదిగా చూసి రాసుకున్నాడు: గడియారం సారు, 10.