పెరటి కాకతీయులు

ఓరుగల్లులో కొత్తగా ఇల్లు కట్టుకున్న గృహస్థు పెరట్లో ఫైబరుతో పోతపోసిన కాకతీయ కళాతోరణాన్ని నిలబెట్టి, దాని చుట్టూ సిమెంటు కొంగలను, రంగులు పూసిన పాత టైర్లను, ఎడ్లబండి చక్రాన్ని, రోలును, ఇసుర్రాయిని కొలువుదీర్చి, ఆ సమస్తాన్నీ వారసత్వ పరిరక్షణ అని ప్రకటించుకోవడం ఒక ఆచారంగా స్థిరపడుతున్నది. ఇంతటి భక్తిని శంకించడం పాపమే గాని, ఆ భక్తి వల్ల ఏది పరిరక్షింపబడుతున్నదో విచారించడంలో దోషం లేదు.

ఆ పెరటి తోరణానికి మూలమైన ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు, అంటే తలుపులు లేకుండా నిలువు స్తంభాలపై అడ్డదూలాలను నిలిపి, పైన హంసలను తీర్చిన రాతి ద్వారాలు, స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిచి, లోపల దేవుడున్నాడని తెలిపేవి. 1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడైన ఉలూగ్ ఖాన్ సేనల చేతిలో కాకతీయ రాజ్యం కూలిన తరువాత ఆలయం ధ్వంసమై, తోరణాలు మాత్రం మిగిలాయి. గుడి లేని తోరణం ఏర్పడడానికి ఆనాడు ఒక రాజ్యమే కూలవలసి వచ్చింది. నేటి గృహస్థు అదే ఫలితాన్ని ఒక అచ్చుతో, డబ్బా రంగుతో సాధిస్తున్నాడు. 2014లో తెలంగాణ రాష్ట్ర రాజముద్రకెక్కిన ఆ తోరణం గుండా అతని పెరట్లో నడిచే అతిథి నేరుగా సెప్టిక్ ట్యాంకు మూత మీదికి చేరుకుంటాడు.

పనిముట్ల గతి మరింత విచిత్రం. పచ్చడి నూరడానికి రోలు ఉండగా ఆ పనిని మిక్సీకి అప్పగించి, రోటి గుంతలో మట్టి నింపి, అందులో ప్లాస్టిక్ పూలను గుచ్చడమే సంప్రదాయాన్ని నిలబెట్టడమట. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులను, పింగాణీ ముక్కలను ఏరి తీర్చిదిద్దిన రాతి ఉద్యానాన్ని ఈ పద్ధతికి సమర్థనగా చూపేవారున్నారు. అయితే 1976లో జనానికి తెరచిన ఆ ఉద్యానంలో పారేసిన వస్తువుకు కొత్త బతుకు దొరకగా, ఇక్కడ పనికివచ్చే వస్తువు చేత పదవీవిరమణ చేయిస్తున్నారు. కోసి హంసగా మలచిన టైరు మాత్రం నిరుద్యోగి కాదు: డెంగీని మోసే ఏడిస్ దోమ అందులో నిలిచిన వాననీటి అంచునే గుడ్లు పెడుతుంది, నీరు ఎండినా నెలల తరబడి బతకగల ఆ గుడ్లు మళ్లీ తడిసినప్పుడు వారం పది రోజుల్లోనే రెక్కలొచ్చిన దోమలవుతాయి.

ఈ వేడుకలో నిజంగా పురాతనమైనది ఏదైనా ఉంటే అది పొలం దున్నినప్పుడు బయటపడిన చెక్కడపు రాయి. దానికి వెండిరంగు పూసి తులసికోట పక్కన పాతడం కొందరికి పరిరక్షణలో పరాకాష్ఠ. నూరేళ్లు పైబడిన శిల్పాన్ని పురావస్తువుగా పరిగణించే 1972 నాటి చట్టం, రాతి శిల్పాన్ని దగ్గర ఉంచుకున్నవారు దానిని నమోదు చేయించాలని కోరుతుంది గాని, దానికి రంగు వేయించాలని ఎక్కడా కోరదు.

కాబట్టి వారసత్వం మీద ప్రేమ అంతగా పొంగే గృహస్థు ఆ రాతి సంగతిని పురావస్తు అధికారులకు తెలిపి, రోట్లో పచ్చడి నూరించి, తోరణాన్ని కోటకు వెళ్లి చూసిరావడం మేలు. పెరట్లో ఖాళీ అయిన చోట నిమ్మచెట్టు నాటితే, అది కాకతీయుల పేరు చెప్పుకోకుండానే కాయలు కాస్తుంది.