రేనాటి ముఖం: ఒక లినోకట్ బ్లాకు ఆత్మకథ

పూర్వకవులు ఆశ్వాసాంత గద్యలో తమ వంశాన్ని, గురువును, బిరుదులను వేరొకరి గురించి చెబుతున్నట్లు ప్రథమ పురుషలోనే చెప్పుకొనేవారు. కర్నూలులో ఒక చిత్రకళోపాధ్యాయుడి చేతిలో తయారై, ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ముఖాన్ని కాగితం మీదికి దింపుతూ వచ్చిన ఈ బ్లాకు కూడా తన కథను ఆ పద్ధతిలోనే చెప్పుకొంటుంది. బ్లాకు అంటే అచ్చుపనిలో బొమ్మ పడడానికి అక్షరాల సరసన బిగించే దిమ్మె. ఇది ఉబ్బెత్తు అచ్చు జాతికి చెందినది. ఉలి తొలగించిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది, ఉలి ముట్టని ఎత్తు భాగం సిరాను అందుకొని నల్లగా పడుతుంది. కాబట్టి ఈ జాతి బ్లాకుల మీద ఏ నాయకుడి ముఖమైనా తీసివేతతోనే రూపు కడుతుంది.

ఈ బ్లాకుకు మూలమైన లినోలియం మొదట నేల మీద పరిచే సరుకు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అవిసె నూనెను గాలి తగిలేలా ఉంచి చిక్కబరచి, అందులో కార్కు పొడి వంటివి కలిపి, గుడ్డ మీద పొరగా అణచి దీన్ని రూపొందించాడు. కొయ్యకు ఉన్నట్లు దీనికి చార లేదు గనుక ఉలి ఎటు తిప్పితే అటు సాగుతుంది, వెల తక్కువ, యంత్రం లేనివారు కాగితం పరచి గరిటె వెనుక భాగంతో రుద్దినా అచ్చు పడుతుంది. డబ్బు, యంత్రాలు లేని ఉద్యమాలకు ఇది దగ్గర కావడానికి కారణాలు ఇవే. 1930లో ఉప్పు సత్యాగ్రహ సందర్భంలో, చేతికర్రతో నడుస్తున్న గాంధీని నందలాల్ బోస్ లినోలియం మీదనే చెక్కాడు. 1943 నాటి బెంగాల్ కరువును చిత్రించిన కమ్యూనిస్టు చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా ఆ తరువాత లినోలియం మీద చెక్కి తీసే అచ్చును, అంటే లినోకట్‌ను, తన ప్రధాన సాధనాల్లో ఒకటిగా చేసుకొన్నాడు. మెక్సికోలో 1937లో ఏర్పడిన ప్రజా ముద్రణశాల కళాకారులు 1947లో తమ దేశ విప్లవం మీద 85 అచ్చుబొమ్మల సంపుటిని వెలువరించారు; రైతునాయకుడు ఎమిలియానో జపాటా అందులో ముఖ్యుడు.

జపాటా ప్రస్తావనకు ఇక్కడ ప్రత్యేక కారణం ఉంది. 1919లో ఆయనను చంపినవారు శవాన్ని కువాట్లా పట్టణంలో జనానికి ప్రదర్శించారు. నరసింహారెడ్డి ప్రాంతమైన రేనాడులో అంతకు 72 ఏళ్ల ముందే ఈస్టిండియా కంపెనీ అలాంటి పనే చేసింది. నిజాం 1800లో అప్పగించిన దత్తమండలంలో కంపెనీ పాలెగాళ్ల అధికారాన్ని తొలగించి, కొందరికి పింఛన్లు మాత్రం మిగిల్చింది. నొస్సం పాలెగాళ్ల వంశీకుడైన తాత జయరామిరెడ్డి తరఫున రావలసిన పింఛను విషయంలో నరసింహారెడ్డికి ప్రభుత్వంతో మొదలైన తగాదా, శిస్తుల భారంతోనూ ఇనాముల రద్దుతోనూ రగిలిన జనంతో కలిసి, 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడిగా పరిణమించింది. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 వరకు కోటగోడకు వేలాడదీశారని రేనాటి చరిత్ర నమోదు చేసింది. కోయిలకుంట్ల ఆనాడు కడప జిల్లాలో ఉండేది, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరింది గనుక ఈ తిరుగుబాటు రెండు జిల్లాలకూ ఉమ్మడి చరిత్ర.

పాలకులు ఒకే తలను ఒకే చోట వేలాడదీసి భయానికి గుర్తు చేస్తే, అచ్చు ఆ ముఖాన్నే వందల చోట్లకు పంపి తిరుగుబాటుకు గుర్తు చేస్తుంది. అయితే జపాటాకు ఫొటోలు ఉన్నాయి. ఈ బ్లాకును చెక్కినవాడి ముందు నరసింహారెడ్డి ఫొటో ఏదీ లేదు. చెక్కినవాడికి దొరికినవి జానపద గాయకుల పాటలు, ఆ పాటలను సేకరించి పరిశీలించిన తంగిరాల వెంకటసుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ గ్రంథం మాత్రమే. అందుచేత పోలిక కోసం వెతకడం మాని, చూడగానే గుర్తుపట్టగల లక్షణాలను ఎంచుకొన్నాడు. మీసాన్ని ఉలి ముట్టకుండా నల్లగా వదిలాడు; తలపాగా మడతలను కొన గల సన్నని ఉలితో తెల్ల గీతలుగా తీశాడు; ముఖంలో ఒక సగాన్ని వెలుగుగా చెక్కి, రెండో సగాన్ని వెనుక ఉన్న నలుపులో కలిపేశాడు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి గనుక కత్తిపిడిని పలక మీద ఎడమచేతికి ఇచ్చాడు, ‘రేనాడు, 1847’ అన్న అక్షరాలను తిరగేసి చెక్కాడు.

ఎండ ఈ పనికి కొంత తోడ్పడింది, కొంత అడ్డుపడింది. చల్లని దేశాల్లో లినోలియాన్ని వెచ్చబెట్టి మెత్తపరిచి చెక్కుతారు. నలభై డిగ్రీలు దాటే కర్నూలు వేసవిలో ఆ అవసరం రాలేదు. కానీ నూనె సిరా ఆ వేడికి పలచబడి సన్నని గీతల్లోకి పారేది గనుక, నున్నటి కడప బండ మీద దాన్ని పలుచగా పరచి, రోలరుకు కొద్దిగానే పట్టించి, తెల్లవారుజామున అచ్చు వేసేవారు. తరువాత బ్లాకును చెక్క మీద అతికించి, సీసపు అక్షరాల ఎత్తయిన 0.918 అంగుళానికి సరిచేసి, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మీద వర్ధంతి కరపత్రాలకు వాడారు. అచ్చు అచ్చుకూ ఒత్తిడి వల్ల గీతల అంచులు అరుగుతూ వచ్చాయి.

2019లో చిరంజీవి కథానాయకుడిగా ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. పేరు ఊరూరా తెలిసింది గానీ, దానితోపాటు చాలామంది మనసులో నటుడి ముఖమే నాయకుడి ముఖమైంది. ఫొటో లేని వీరుడికి ఏ కాలం తన ముఖాన్ని అరువిస్తే అదే నిలుస్తుందన్న సంగతి దీనితో స్పష్టమవుతుంది. ఈ బ్లాకు ఇచ్చినదీ అలాంటి అరువు ముఖమే.

అసలు కొరత పోలికలో లేదు, ఒక్క ముఖంతో సరిపెట్టడంలో ఉంది. తిరుగుబాటు ఒక్కడి పని కాదు. నరసింహారెడ్డికి కుడిభుజంగా నిలిచిన వడ్డె ఓబన్నను పాట మరువలేదు, పటం మరిచింది. అయితే ఉబ్బెత్తు అచ్చులో ఒక వెసులుబాటు ఉంది. చెక్కిన చోటును పూడ్చలేరు గానీ, చెక్కని నలుపును ఎప్పుడైనా చెక్కవచ్చు. అలా మార్చి తీసిన అచ్చును ముద్రణకళలో రెండో దశ అంటారు. చెక్కినవాడు కొన్నేళ్ల తరువాత తలపాగా పక్కనున్న నలుపులో, రాతిపనికి పేరుపడ్డ కులంలో పుట్టిన ఓబన్న ముఖాన్ని పక్కనుంచి కనిపించేలా తీశాడు. దానికీ ఆధారంగా ఫొటో లేదు. ఇక ఈ బ్లాకు నుంచి ఒంటరి నరసింహారెడ్డి అచ్చు తీయడం సాధ్యం కాదు.