రాత్రికి గది: సటీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది):

రైలు దిగిన చోట రాత్రికి గది జూడు
కోవెలొకటి టీల కొట్టొకటియు
నడక దూరమన్న నాలుగు మైళ్ళయ్య
మూట బరు వెఱుంగు మోయువాఁడె

ప్రతిపదార్థము: రైలు దిగిన చోట = మదురై నుంచి తిరునెల్వేలి పోయే దారిలో విరుదునగర్, సాత్తూరు దాటాక వచ్చే కోవిల్‌పట్టి స్టేషను వద్ద; రాత్రికి = ఒక్క రాత్రికే (రెండో రాత్రి ఉంటే కవి చెప్పేవాడు); గది = లాడ్జిలోనిది. ఈ సీమలో హోటలంటే ఇడ్లీ దొరికే చోటు, మనకు మల్లేనే. బోర్డు మీద 'తంగుం విడుది' అని కనబడితే జంకనక్కర లేదు, అది మన విడిదే.

శంక: ఊరి పేరులోనే కోవెల ఉండగా 'కోవెలొకటి' అనడం పునరుక్తి కాదా? కాదు. పేరులోని కోవెల పటానికి, పద్యంలోని కోవెల కాళ్ళకు. శెన్బగవల్లి అమ్మవారి గుడి వైపు గది దొరికితే తెల్లవారకముందే పూలమ్మేవాళ్ళుంటారు, రాత్రి నడిచొచ్చేటప్పుడు వీధిలో మనుషులుంటారు. ఇక 'టీల కొట్టు'కు 'టిఫిను కొట్టు' అని పాఠాంతరం. రెండింటా గణం చెడదు, తేడా అంతా కడుపుదే.

'నడక దూరము' దగ్గర వ్యాఖ్యాతలు తడబడ్డారు. ఈ వ్యాఖ్యాత అయితే ఏకంగా చెమటోడ్చాడు. ఒకానొక లాడ్జి కార్డు మీద 'బస్టాండుకు నడక దూరం' అని ఉంది. ఏ బస్టాండు అన్నది అధ్యాహారం. కోవిల్‌పట్టికి బస్టాండ్లు రెండు: ఒకటి ఊళ్ళో, ఇంకొకటి బైపాస్ మీద. దారిలో అడిగిన ప్రతివాడూ "పక్కందాన్ సార్" అన్నాడు. 'నాలుగు మైళ్ళు' అతిశయోక్తి అని లాక్షణికులంటారు. నల్లరేగడి నేల మీద, ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, భుజాన సంచితో నడిచినవాడికి అది స్వభావోక్తి.

ఇన్ని తిప్పలు ఎందుకంటే, మన తెలుగువాడికి ఇక్కడ పనుంది. ఇంట తెలుగు, రాత తమిళంగా బతికిన కి. రాజనారాయణన్ సొంతూరు ఇడైసేవల్ ఈ పక్కనే. దక్షిణానికి వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథను 'గోపల్ల గ్రామం'గా రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తమిళ కవి భారతి పుట్టిన ఎట్టయపురం ఇంకోవైపు. రెంటికీ ఇక్కడి నుంచి బస్సెక్కడమే సులువు. లాడ్జి గుమాస్తా మీ యాస విని "మనవాడా?" అంటే అద్దె తగ్గుతుందని ఆశపడకండి. వేడినీళ్ళు మాత్రం త్వరగా వస్తాయి.

మతాంతరము: విరుదునగర్‌లోనే దిగాలని కొందరు. 1923 దాకా అది విరుదుపట్టి. తెప్పకుళం చుట్టూ బజారు, ఆ చుట్టుపక్కలే కామరాజ్ పెరిగిన ఇల్లు. నడకకు ఇదే మేలైన ఊరని నేనూ ఒప్పుకుంటాను. సాయంత్రం నూనెలో వేగే పరోటా సంగతి ఎత్తితే వాదం అక్కడే ముగుస్తుంది.

తాత్పర్యము: పరోటా విరుదునగర్‌లో తిని, కోవిల్‌పట్టిలో పడుకోవలెను. గది అడిగే ముందు "ఏ బస్టాండు?" అని అడగవలెను. పొద్దున రైలెక్కేటప్పుడు కడలై మిఠాయి (మన పల్లీ పట్టీయే) కొనవలెను. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, లాడ్జీలకు ఇంకా రాలేదు.