తొట్టిసూత్రమునకు టీకా తాత్పర్యము

అవతారిక

కోలాచల మల్లినాథసూరి భారవి కావ్యమునకు ‘ఘంటాపథ’మును, మాఘుని కావ్యమునకు ‘సర్వంకష’ను, కాళిదాసునకు ‘సంజీవని’ని ప్రసాదించి ధన్యుడయ్యెను గాని, సరకులు మోయు పికప్పు బండి తొట్టిని గూర్చి ఆ మహానుభావుడు ఒక్క పంక్తియైన వ్రాసినట్లు కానరాదు. దోషము ఆయనది కాదు. హెన్రీ ఫోర్డు కర్మాగారము మోడల్ టీ బండికి వెనుక తొట్టి తగిలించి అమ్మకమునకు విడిచినదే 1925 ఏప్రిలు నెలలో. మన దేశమున టాటా ఏస్ అను బుల్లిబండి వెలువడి ‘ఛోటా హాథీ’ యను బిరుదు వహించినది 2005లో. మూలము పుట్టుటకే యింత జాగయినప్పుడు వ్యాఖ్య ఆలస్యమగుటలో వింత లేదు. ఆ కొరత తీర్చుటకై, ఇసుకయు ఇటుకయు ఇనుపచువ్వలును తోలి పొట్టపోసికొను బండివారి నోట నానుచున్న యొక వాక్యమును గ్రహించి, ‘ఘర్షణవారిణి’ యను నీ టీకను కూర్చుచున్నాను. తొట్టిసూత్రమనుట వైరిసమాసమని వైయాకరణులు కినియుదురేని, ఒకమారు సిమెంటు కొట్టు ముందర నిలిచి బస్తాలు దించుట చూచి పిదప కినియుదురు గాక.

మూలము

“ఒరే అబ్బాయ్! లోడెత్తే ముందు తొట్టిలో మ్యాటు పరు. దించేటప్పుడు ఈడ్చమాకు, ఎత్తి దించు. సాయంత్రం మ్యాటు తీసి తొట్టి కడిగి ఆరబెట్టు.”

ప్రతిపదార్థము

ఒరే అబ్బాయ్ = ఓ క్లీనరూ (వానికి నడివయసు వచ్చినను ఈ సంబోధనము మారదు); లోడు = సరకుల భారమును; ఎత్తే ముందు = ఎక్కించుటకు పూర్వమే; తొట్టిలో = మూడువైపుల దింపుడు తలుపులును ముందు అడ్డును గల యినుప తావునందు; మ్యాటు = దళసరి రబ్బరు పరుపును; పరు = పరచుము; దించేటప్పుడు = ఇంటిదొర తొందరపెట్టుచున్న సమయమునను; ఈడ్చమాకు = ఈడ్వకుము; ఎత్తి = ఇద్దరు చెరియొక కొస పట్టి లేవనెత్తి; దించు = నేలకు చేర్పుము; సాయంత్రం = ఆనాటి కిరాయిలు ముగిసిన వెనుక; మ్యాటు తీసి = దానిని పూర్తిగా వెలికిలాగి; తొట్టి కడిగి = మూలలలోని మట్టి పోవునట్లు నీళ్లు కొట్టి; ఆరబెట్టు = తడి లేకుండ జేయుము.

పాఠాంతరములు

‘ఈడ్చమాకు’ అనునది కృష్ణా గుంటూరు మండలముల పాఠము. తెలంగాణ ప్రతులలో ‘గుంజకు’ అని కలదు. ‘తొట్టి’కి మారుగా ‘ట్రాలీ’ యనియు ‘బాడీ’ యనియు కొందరు చదువుదురు. వీనివలన అర్థభేదము లేదు. ‘సాయంత్రం’ మొదలుగా గల తుదివాక్యము మాత్రము పెక్కు ప్రతులలో లోపించినది. అది ప్రక్షిప్తమని వాదించు బండివారును కలరు. వారి తొట్లు చూచినవారికి అది మూలములోనిదే యని తెల్లమగును.

తాత్పర్యము

బండి కొన్న అప్పు తీరకమునుపే తొట్టి తూట్లుపడకుండవలెనన్నచో, సరకునకును ఇనుమునకును నడుమ మెత్తని యడ్డు నొకదానిని వేసి, రాపిడి లేకుండ దించి, పొద్దుగూకులోపల ఆ యడ్డును తొలగించి అడుగున చేరిన తడిని పోగొట్టవలెనని భావము.

విశేషములు

కొత్త బండికి కర్మాగారమున వేయు రంగుపొరలన్నింటిని కలిపి కొలిచినను వాని మందము మిల్లీమీటరులో పదవవంతునకు అటునిటుగా నుండును. ఖనిజముల కాఠిన్యమును 10 మెట్లుగా లెక్కించు మోస్ కొలమానమున ఇసుకలోని క్వార్ట్జు రేణువు 7వ మెట్టున కూర్చుండగా, మామూలు ఉక్కు 4, 5 మెట్లకడనే ఆగిపోవును; రంగు మాట చెప్పనే యక్కరలేదు. కావున తొట్టికి పరమశత్రువు పైనుండి పడు గడ్డపార యని తలచుట పొరపాటు. గడ్డపార ఒక సొట్ట చేసి ఊరకుండును. బస్తా అడుగున అంటుకొనివచ్చిన పిడికెడు ఇసుక యన్ననో, ఆ బస్తాను వెనుక తలుపు దాక ఈడ్చిన ప్రతిపర్యాయమును ఈ కొసనుండి ఆ కొసవరకు గీట్లు పెట్టుచునే వచ్చును. ఇందుచేతనే సూత్రకారుడు ‘ఈడ్చమాకు’ అని నిషేధించి, అంతట తృప్తిపడక ‘ఎత్తి దించు’ అని విధించెను. రెండును ఒక్క యర్థమునే చెప్పుటచే పునరుక్తిదోషము రాదా యని శంకింపరాదు. సిమెంటు బస్తా 50 కిలోల బరువు, చెప్పినవాడు అవతలికి తిరిగినంతనే విన్నవాడు దాని నీడ్చుట లోకవిదితము.

గీటుతోనే కథ ముగిసినచో ఈ టీకకు పనిలేదు. రంగు లేచిన చోట ఇనుమునకు నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను చెలిమి కలిగి తుప్పు పుట్టును. పుట్టిన తుప్పు తాను తినివేసిన యినుముకంటె ఎక్కువ తావు నాక్రమించుటచేత ప్రక్కనున్న మంచి రంగును సైతము అడుగునుండి పైకెత్తును. ఆ సందున మరల నీరు చేరును. ఉప్పు తోడైనచో వేగము హెచ్చును. భీమవరము ప్రాంతమున రొయ్యల పెట్టెలనుండి కారు మంచునీరును, పొలమునకు తోలు పొటాషు బస్తాలనుండి రాలు పలుకులును తొట్టి మడతలలో చేరి చేయు చేటు ఇట్టిదే. ఎరువు పొటాషనగా పొటాషియం క్లోరైడు. వంటింటి ఉప్పునకు దాయాది.

ఇక మతభేదములు. ద్వైతులు తొట్టి వేరు, రక్షణ వేరు అందురు. వీరు గట్టి పాలిఎథిలీనుతో తొట్టి ఆకారముననే అచ్చుతీసిన మరియొక తొట్టిని లోపల దింపుదురు. శ్రీసిటీ కర్మాగారమునుండి 2016 మొదలు వెలువడుచున్న ఇసుజు డీ-మ్యాక్స్ వంటి బండ్లను షికారునకు వాడుకొనువారి సామాన్లకు అది చాలును. సరకు దానిపై జారుననుట ఒక లోపము. బండి కదలికకు ఆ లోపలి తొట్టి తానే అడుగు రంగును రాచుచుండుననుట అంతకు మించిన లోపము. దాని క్రింద చేరిన దుమ్మును నీటిని ఎవడును చూడడు. పైన నల్లగా నిగనిగలాడు ప్లాస్టిక్కు, క్రింద చేయిపట్టు చిల్లి! రక్షకుడే రాపిడికి కారణమగుట చూచి ఆలంకారికులు దీనిని విరోధాలంకారమునకు లక్ష్యముగా గ్రహింపవచ్చును.

అద్వైతులు పాలియూరియాను గాని పాలియురెథేనును గాని గొట్టముతో చిమ్మి రెండు మూడు మిల్లీమీటర్ల మందమున పూయింతురు. పట్టిన పిదప తొట్టికిని పూతకును భేదము లేదు. గరుకుగా నుండుటచే సరకు కదలదు, మోకాలు ఆనించినవాని చర్మము మాత్రము కదలును. అయితే పూతకు ముందు పాత రంగు మెరుపు పోవునట్లు గరుకుకాగితముతో రుద్ది, నూనెజిడ్డు నిశ్శేషముగా తుడువనిచో, ఆ యద్వైతము అనతికాలముననే ద్వైతమై పొరలుపొరలుగా లేచును. నీరు పోవు రంధ్రములను పూతతో మూసివేయు పనివారును కలరు. వారిని కనిపెట్టి యుండవలెను.

మూడవవారు లోహవాదులు. ఆటోనగరున తొట్టి అడుగున చెకర్ ప్లేటు వెల్డింగు చేయించి నిశ్చింతగా నుందురు. వెల్డింగు వేడికి అడుగువైపు రంగు మాడుట, రెండు రేకుల నడుమ నీరు నిలుచుట అటుండనిండు; 3 మిల్లీమీటర్ల చెకర్ రేకు చదరపు మీటరునకు దాదాపు 25 కిలోలు తూగును. నాలుగు చదరపు మీటర్ల తొట్టికి ఒక క్వింటాలు. బండి బ్రతికినంతకాలము రెండు సిమెంటు బస్తాలను కిరాయి లేకుండ మోయుటకు ఒడబడినవానికి ఇక చెప్పునది లేదు.

నిరావరణవాదులు బండి కొన్నది మోయుటకే గాని ముద్దాడుటకు గాదని, ఏ పరుపును వలదందురు. అమెరికాలో ఫోర్డు సంస్థ 2015 నమూనా ఎఫ్-150 బండికి అల్యూమినియపు తొట్టి పెట్టగా, మరుసటి యేడు షెవర్లే సంస్థ ఆ బండిలోను తన యుక్కు బండిలోను 825 పౌండ్ల రాళ్లు కుమ్మరించి ప్రకటనచిత్రము తీసెను. మొదటిదానికి చిల్లులు పడెను, రెండవదానికి సొట్టలు పడెను. లోహము ఏదైనను రాయి రాయియే. అడుగున మ్యాటు పరచియుండినచో ఆ ప్రకటనకు రుచి యుండెడిది కాదు.

సిద్ధాంతము రబ్బరు మ్యాటు. దెబ్బను మ్రింగును, సరకును పట్టి నిలుపును, అన్నింటికంటె ముఖ్యముగా చుట్టి తీసివేయవచ్చును. ఈ చివరి గుణమును వాడుకొననివాడు దళసరి మ్యాటు కొనియు ద్వైతుల గతికే పోవును. తీయని మ్యాటు క్రింద నిలిచిన తడి, గీటుపడిన తొట్టిని బోసిగా విడిచినప్పటికంటె వేగముగా తినివేయును. గీటు కంటికి కనబడును గనుక మందు పడును: తుప్పు గీకి, రెడ్డాక్సైడు కొట్టి, పైన రంగు వేసినచో సరి. కనబడని తడికి మందు లేదు. అందుచే ప్రక్షిప్తమని కొందరు త్రోసివేయు తుదివాక్యమే ఈ సూత్రమునకు ప్రాణమని వ్యాఖ్యాత నిర్ణయము. కుండలకును మామిడికాయలకును అడుగున వరిగడ్డి పరచు రైతు, సరకు దించినంతనే ఆ గడ్డిని ఊడ్చివేయుట ఇందులకు శిష్టాచారప్రమాణము.

ఫలశ్రుతి

దీనిని ముప్పొద్దుల పఠించినందున ఫలము లేదు. పాత బండ్లు కొను బేరగాడు ఇంజను చప్పుడు వినకమునుపే మ్యాటు ఒక మూల లేపి, అడుగు రేకును పిడికిలితో తట్టి చూచును. పొడి రాలినచో ధర అక్కడనే తగ్గించును. బండి అమ్మదలచినవారు ఆతనికంటె ముందుగా తామే ఆ మూల లేపి చూచుకొనవలెనని ప్రార్థన.