గజాయం గది

మన ఊళ్లలో ఏ ఇల్లూ పూర్తికాదు. నమ్మకపోతే బెజవాడలో ఏ మేడైనా ఎక్కి నాలుగు పక్కలా చూడండి. ప్రతి పైకప్పు మీదా మూలమూలకీ పిల్లరు ఊచలు ఆకాశంకేసి నిక్కి ఉంటాయి. ఇల్లు కట్టిననాడు ‘రేపు పైన వేసుకుంటాం కదా’ అని వదిలినవి. ఆ రేపు వచ్చేలోగా వాటికి దండేలు కడతారు, గాలిపటాలు చిక్కుకుంటాయి, వడియాల దగ్గర కాకులు వాలకుండా నల్లగుడ్డ వేలాడుతుంది. తడవకూడదని తలకో ప్లాస్టిక్ సీసా బోర్లిస్తారు. ఆ సీసా తీసి ఊచను గోటితో గీకండి. రేకలు రేకలుగా ఎర్రటి తుప్పు ఊడి అరచేతిలో పడుతుంది. 12 మిల్లీమీటర్ల ఊచలో ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు ఊచగా మిగిలి ఉన్నాయో చెప్పడం కష్టం. అయినా దాన్ని చూసినప్పుడల్లా ఇంటి యజమానికి అందులో రెండో అంతస్తే కనిపిస్తుంది.

మా ఎదురింటాయనకూ కనిపించింది, రిటైరైన మర్నాడే. ఉన్న ఇంటి మీద ఒక్క గది వేస్తానన్నారు. వేయించడం కాదట, స్వయంగా వేస్తారట.

గది ఎందుకండీ అంటే రోజుకో జవాబు. కొడుకూ కోడలూ వస్తే ఉండటానికని ఒకరోజు, యోగా చేసుకోవడానికని ఒకరోజు. పుస్తకాలు పెట్టుకోవడానికి అని కూడా అన్నారు గానీ, ఆ ఇంట్లో పుస్తకమంటే పంచాంగం, గ్యాసు బుక్కు. అసలు కారణం వాళ్లావిడ మా ఇంట్లో చెప్పేసింది. ‘ఆయన పైనుంటే కింద నా పని నేను చేసుకుంటా వదినా, ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు కట్టుకోనీ.’

స్వయంగా ఎందుకంటే మేస్త్రీ రోజుకూలి విని ఆయనకు గుండె ఆగినంత పనైంది. ‘ఇటుక మీద ఇటుక పెట్టడానికి అంతా?’ అన్నారు. డాక్టరు ఫీజు అడిగితే వంగి ఇస్తాం, వకీలు అడిగితే అప్పు చేసి ఇస్తాం. మనకు బేరం గుర్తొచ్చేది తాపీ పట్టినవాడి దగ్గరే. చేతికి సిమెంటు అంటిన మనిషి చదువు చదువే కాదని మన గట్టి నమ్మకం. ఆ చదువేదో ఫోనులో వీడియోగా వస్తే మాత్రం పగలల్లా చూస్తాం. ఆయనా చూశారు. చూసి తాపీ, పార, గమేళా, రసమట్టం, తూకం గుండు, నెత్తికో పసుపుపచ్చ టోపీ కొన్నారు. టోపీ పెట్టుకుని ఫొటో దిగి బంధువులందరికీ పంపారు. ఆ ఫొటో కిందకు సలహాలు రావడం మొదలైంది.

మొదటి సలహా డల్లాస్ నుంచి, కొడుకు దగ్గర్నుంచి. ‘నాన్నా, ఇక్కడ మావాళ్లు శని, ఆదివారాల్లో గదికి గది వేసేసుకుంటారు, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.’ పిల్లాడు చెప్పింది అబద్ధం కాదు. అక్కడి ఇళ్లు ఎక్కువభాగం కలప చట్రాలు. పదహారు అంగుళాలకొకటి నిలువుబద్ద నిలిపి, మేకులు కొట్టి, పైన పలకలు బిగిస్తారు. బద్దను ఒక్క మనిషి భుజాన వేసుకుని పోవచ్చు. దాన్ని ‘టూ బై ఫోర్’ అంటారు గానీ టేపు పెడితే ఒకటిన్నరకు మూడున్నర అంగుళాలే తేలుతుంది. చెప్పిన కొలతకూ ఉన్న కొలతకూ పొంతన లేకపోవడంలో వాళ్ల కలపకీ మన ప్లాట్లకీ చుట్టరికం ఉంది. పిల్లాడు చెప్పని సంగతి మరొకటుంది. అక్కడ ఇంటికి గది కలపాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి. పునాది గుంట తవ్వాక కాంక్రీటు పొయ్యక ముందే ఇన్‌స్పెక్టరు వచ్చి గుంటలోకి తొంగిచూస్తాడు. ఆయన ఊఁ అంటేనే తర్వాతి పని. ఇక్కడ గుంటలోకి తొంగిచూసేది వీధికుక్క ఒక్కటే.

రెండో సలహా సిద్ధాంతిగారిది. నైరుతిలోనే వెయ్యాలి, అక్కడ ఎంత బరువుంటే ఇంటికి అంత మంచిదన్నారు. ఈయన వేసుకున్న ప్లాను పది అడుగులకు పన్నెండు. జాతీయ భవన నిర్మాణ స్మృతి మనిషి ఉండే గదికి కనీసం 9.5 చదరపు మీటర్లు, 2.4 మీటర్ల వెడల్పు, 2.75 మీటర్ల ఎత్తు ఉండాలంటుంది. పదికి పన్నెండు దానికి చక్కగా సరిపోతుంది. సిద్ధాంతిగారికి సరిపోలేదు. ఆయం కుదరలేదన్నారు. పన్నెండును పదమూడడుగుల ఆరంగుళాలు చెయ్యండి, అప్పుడు సరిగ్గా 15 చదరపు గజాలు, దాన్ని తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే శేషం ఏడు, ఏడంటే గజాయం, ఐశ్వర్యం అన్నారు. (తొమ్మిదితో హెచ్చించకుండా ఊరికే ఎనిమిదితో భాగించినా శేషం ఏడే వస్తుంది. అయితే హెచ్చవేతకు దక్షిణ ఉంటుంది, భాగహారానికి ఉండదు.)

ఇక్కడే నాలోని లెక్కల పిచ్చి ఊరుకోలేదు. పదికి పదమూడున్నర గది, చుట్టూ తొమ్మిదంగుళాల గోడ, పదడుగుల ఎత్తు, పైన నాలుగంగుళాల శ్లాబు. తలుపూ కిటికీ మినహాయించి, లోపలా బయటా ప్లాస్టరింగ్ కలిపి లెక్కేస్తే 20 టన్నులకు ఎక్కడా తగ్గదు. బాగా ఎదిగిన మన ఏనుగు నాలుగైదు టన్నులు తూగుతుంది. సిద్ధాంతిగారి శాస్త్రాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. గజాయం అంటే నిజంగా గజాలే, నాలుగైదింటిని తెచ్చి పాత ఇంటి నైరుతి మూల కట్టేస్తున్నాం.

ఈ లెక్క చూపిస్తే ఎదురింటాయన నవ్వేశారు. ‘మీరు మరీనండీ’ అని ఇసుక పురమాయించడానికి వెళ్లిపోయారు.

ఇసుక ఉచితం. 2024 జులై 8 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఇసుక విధానం అమల్లో ఉంది. తవ్వినవాడి కూలి, ఎత్తినవాడి కూలి, లారీ కిరాయి మాత్రం ఉచితం కావు. లారీ గుమ్మం ముందు దించినదాన్ని మేడ మీదకు మోసే కూలి అంతకన్నా కాదు. ఆయన ఆ చివరి కూలి మిగుల్చుకుందామని తానే మొయ్యబోయి, మూడో విడతకు మెట్ల మీద కూర్చుండిపోయారు. మిగతా ఇసుక పదిహేను రోజులు వీధిలోనే ఉంది. అందులో మా వీధి పిల్లలు కట్టిన గూళ్లు చూడాల్సింది. ఒక్కటీ వంకర లేదు.

ఇటుకలు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసినవి వచ్చాయి. పని మొదలైంది. గోడకు మాలు ఒకటికి ఆరు కలపాలి, ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక. ఈయన ఒకటికి రెండు కలిపారు. ‘మన ఇల్లే కదా, పిసినారితనం ఎందుకు?’ అన్నారు. కూలి దగ్గర గీచిగీచి బేరమాడిన మనిషికి సిమెంటు దగ్గర కర్ణుడు పూనాడు. సిమెంటు ఎక్కువైతే మాలు ఆరేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిస్తుందని వీడియోలో చెప్పే ఉంటారు. ఆ సమయానికి మధ్యలో ప్రకటన వచ్చి ఉంటుంది.

50 కిలోల బస్తా పొద్దున్నే మొత్తం విప్పి కలిపేసేవారు. అప్పుడు ‘ఏమండీ, ఇడ్లీ చల్లారిపోతోంది’ అని కింద నుంచి కేక. దిగి, ఇడ్లీ తిని, పేపరు చదివి, బావమరిదితో ఫోనులో మాట్లాడి పైకెళ్లేసరికి మాలు మొహం చిట్లించుకుని గట్టిపడి ఉండేది. మళ్లీ నీళ్లు పోసి కెలికి పెట్టేవారు. బిగుసుకోవడం మొదలైన సిమెంటులో నీళ్లు పోస్తే మెత్తబడుతుంది తప్ప ప్రాణం తిరిగిరాదు. మా వీధిలో ఇస్త్రీబండి అబ్బాయికి కూడా ఈ సంగతి తెలుసు. వాళ్ల నాన్న తాపీపని చేస్తాడు.

గోడను ఒక్కరోజులో ఐదడుగులకు మించి లేపకూడదని నియమం ఉంది. ఆ నియమాన్ని మాత్రం ఆయన ఎన్నడూ తప్పలేదు. రోజుకు ఒక వరస పూర్తయితే గొప్ప.

ఇంత జరుగుతుంటే మేడ మీదకు రాని మనిషి లేడు. వియ్యంకుడు వచ్చి తలుపు తూర్పుకా ఉత్తరానికా అని అడిగాడు. పిన్నిగారు వచ్చి ఏసీకి కంత వదిలారా అన్నారు. పక్కింటాయన వచ్చి, మీ కిటికీ మా స్నానాలగది వైపు తెరుచుకుంటుందేమో చూసుకోండి అని మర్యాదగా హెచ్చరించి వెళ్లాడు. అనుమతి ఉందా అని కూడా ఒకరు వచ్చారు. టీ తాగారు. ఉన్నా లేకపోయినా ‘ముందు కట్టండి, ఏదో ఒక స్కీము రాకపోదు’ అని తమ అనుభవం చెప్పి దిగిపోయారు.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. 2007 చివరి రోజున ఉమ్మడి రాష్ట్రం అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే బీపీఎస్ తెచ్చింది. రాష్ట్రం రెండయ్యాక 2015లో ఆంధ్ర మళ్లీ తెచ్చింది. అదే ఏడాది తెలంగాణ బీఆర్ఎస్ తెచ్చింది. కంగారుపడకండి, ఇది పథకం. పార్టీకి ఆ పేరు రావడానికి ఇంకా ఏడేళ్లు పట్టింది. 2019లో ఆంధ్రలో మరోమారు. అపరాధ రుసుమేమో చదరపు అడుగుల లెక్కన, స్థలం విలువ లెక్కన. టన్నుకింత అని ఎక్కడా లేదు. తప్పు ఎంత వెడల్పో చూస్తారు గానీ ఎంత బరువో చూడరు. మధ్యలో నిజాయతీగా ముందే అనుమతి తెచ్చుకున్నవాడు మాత్రం పథకం వచ్చిన ప్రతిసారీ ఇంట్లో తిట్లు తింటాడు.

చివరికి గోడ ఛాతీ ఎత్తుకు వచ్చింది. దూరం నుంచి చూస్తే ఎవరికో దారి ఇస్తున్నట్టు మధ్యలో కొంచెం వెనక్కి వంగి ఉంది. ‘గాలి కోసం అలా పెట్టాను’ అన్నారాయన. ఆవిడ ఇక లాభం లేదని అడ్డా నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించింది.

మేస్త్రీ టోపీ వంక చూశాడు, గోడ వంక చూశాడు, ఏమీ అనలేదు. జేబులోంచి తన తూకం గుండు తీసి పైవరస నుంచి దారం వదిలాడు. గుండు కింద రెండంగుళాల దూరంలో ఊగి ఆగింది. దాన్నలాగే వదిలేసి, పాత శ్లాబు అంచు దగ్గరికి వెళ్లి కింద గోడను తట్టి చూసి, ‘సార్, కింద పునాది ఎన్నడుగులు తవ్వించారు?’ అన్నాడు.

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే.

‘మా నాన్నగారు కట్టించింది. ఆ కాలం మేస్త్రీలు ఉక్కు మనుషులయ్యా.’

‘మేస్త్రీ ఉక్కేనండి, కాదనను. నేనడిగేది పునాది.’

ఎంతమందికి ఫోన్లు చేసినా తెలియలేదు. నాన్నగారు పోయారు, ఆ మేస్త్రీ పోయాడు, ప్లాను కాయితం ఏ ట్రంకుపెట్టెలోనో చెదలకు పోయింది. కింద ఉన్నది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల. ఈశాన్యం నీళ్లెటు పోవాలో మూడు తరాలుగా కంఠతా వచ్చిన కుటుంబానికి తమ ఇల్లు దేని మీద నిలబడిందో తెలియదు. ఆ ఒక్క కుటుంబానికే కాదు. ఈ పేపరు చదువుతున్నవాళ్లలో మీ పునాది లోతు చెప్పగలిగినవాళ్లు చెయ్యెత్తండి.

మేస్త్రీ చెప్పినట్టే ఒక ఇంజనీరును పిలిచారు. అతను చూసి, శ్లాబు మాట మరిచిపొమ్మన్నాడు. కట్టిన గోడ విప్పించారు. మట్టి ఇటుకలో మూడోవంతు బరువుండే ఏఏసీ దిమ్మెలతో పలచని గోడలు, ఇనుప పైపుల మీద రేకులు వేయించారు. అన్నీ కలిపితే అయిన ఖర్చు, మొదటే మేస్త్రీని పెట్టుకుని ఉంటే అయ్యేదానికన్నా ఎక్కువ. ఎంత ఎక్కువో ఆవిడకు తెలుసు, ఆయనకు రోజూ గుర్తుచేస్తోంది. గృహప్రవేశానికి సిద్ధాంతిగారు వచ్చి, నైరుతిలో బరువు చాలలేదే అని చప్పరించారు. గది గోడకు తగిలించిన ఫొటోలో పసుపుపచ్చ టోపీతో ఆయనే ఉన్నారు, కింద ‘స్వహస్తాలతో’ అని రాయించారు.

రేకుల కింద బెజవాడ ఎండకు మధ్యాహ్నం అందులో యోగా కాదు, శవాసనం కూడా కుదరలేదు. కొడుకు కుటుంబం సంక్రాంతికి వచ్చి కింద హాల్లోనే పడుకుంది. మొన్న ఆ ఇంటి గేటుకు బోర్డు పెట్టారు. ‘టు లెట్. సింగిల్ రూము. శాకాహారులకు మాత్రమే. బరువైన సామాను లేనివారికి ప్రాధాన్యం.’ కావలసినవారు సాయంత్రం ఆరు దాటాక వెళ్లి చూసుకోవచ్చు. మెట్లు మాత్రం ఒక్కొక్కరుగా ఎక్కండి.