పంతులుగారి పట్టీలో రక్తపరీక్ష

పెళ్లిచూపుల్లో మనవాళ్లు అడగనిదంటూ ఉండదు. ప్యాకేజీ ఎంత, హెచ్‌-1బి ఏ దశలో ఉంది, గచ్చిబౌలి ఫ్లాటు ఈఎంఐ ఇంకా ఎన్నేళ్లు, అందులో తమ్ముడికి వాటా ఉందా. అన్నీ తేల్చుకున్నాక, "పనిలో పనిగా ఇద్దరికీ ఓసారి రక్తపరీక్ష చేయిద్దామా?" అని ఎవరైనా నోరుజారారో, కాబోయే వియ్యపురాలు పకోడీల ప్లేటు కింద పెట్టేస్తుంది. "అంటే, మావాడికేదో రోగముందనా?"

మేనరికమైతే ఆ మాటే రాదు. "మన రక్తమే కదండీ, తెలియందేముంది!" డాక్టర్లకు దడ పుట్టించేది సరిగ్గా ఆ 'మన రక్తమే'. తలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు బంధువులిద్దరిలోనూ ఉండొచ్చు, దాన్ని మోసేవాళ్లేమో పైకి నిక్షేపంలా ఉంటారు. అలాంటివాళ్లిద్దరికి ముడిపడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. తీవ్రంగా వస్తే కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ బతకాలి. ముందే పసిగట్టడానికి హెచ్‌బీఏ2 అనే పరీక్ష ఉంది. ప్రీవెడ్డింగ్ షూట్‌లో డ్రోనుకిచ్చే అద్దె కూడా కాదు దాని ఖర్చు.

మరి వీళ్లను ల్యాబు దాకా నడిపించేదెవరు? డాక్టరు చెబితే కమీషన్ కోసమంటారు. సౌదీలో 2004 నుంచి ఈ పరీక్ష తప్పనిసరి. మనమూ చట్టం చేద్దామా? వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఎంత ముచ్చటగా అమలవుతోందో చూస్తున్నాం, ఇంకోటి ఎందుకు లెండి.

కిటుకు కనిపెట్టింది సైప్రస్ వాళ్లు. పరీక్ష చేయించుకున్నట్టు కాగితం తెస్తేనే పెళ్లి జరిపిస్తామంది అక్కడి చర్చి. ఫలితం చూశాక చేసుకోవడం, మానుకోవడం జంట ఇష్టం. ఆ దేశంలో తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

అందుకే మన పంతుళ్లకే అప్పగిద్దాం. జాతకాల పొంతనలో 36 గుణాలుంటే 8 నాడికే కేటాయించి, ఇద్దరిదీ ఒకే నాడి అయితే సంతానానికి చేటని ఎప్పటినుంచో చెబుతున్నది వాళ్లేగా! సామాన్ల పట్టీలో పసుపు, తమలపాకులు, కొబ్బరి బోండాల కింద 'హెచ్‌బీఏ2 రిపోర్టులు - 2' అని రాస్తే చాలు, రాహుకాలం దాటీ దాటగానే ల్యాబు ముందు క్యూ కడతారు.

పట్టీ అందగానే పెళ్లికొడుకు తండ్రి నుంచి ఫోనొస్తుంది, అది వేరే సంగతి. "పంతులుగారూ, రిపోర్టులు రెండని పొరపాటున రాసినట్టున్నారు. అమ్మాయిదొక్కటి చాలు కదా?"